సౌండ్ పెంచొద్దు... పంచండి!

కిందటి మాఘమాసంలో మా పిన్ని కొడుకు పెళ్లి జరిగింది. పెద్ద ఫంక్షన్ హాలు. ఏడెనిమిది వందల మంది జనం. మా పెద్దమ్మకు 74 ఏళ్లు. రెండేళ్లుగా చెవికి మిషన్ పెట్టుకుంటోంది. పెద్దావిడ కదా అని మర్యాదగా తీసుకెళ్లి ముందు వరస సోఫాలో కూర్చోబెట్టారు. ఆ సోఫాకు ఆరడుగుల దూరంలో, నేల మీద నిలబెట్టిన మనిషెత్తు సౌండ్ బాక్సులు.

అరగంట తర్వాత వెళ్లి చూస్తే పెద్దమ్మ చెవికి మిషన్ లేదు. రుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టేసుకుంది.

‘‘ఏంటి పెద్దమ్మా, తీసేశావ్?’’ అని అడిగాను.

‘‘హోరు తప్ప ఒక్క మంత్రం అర్థం కావట్లేదురా నాన్నా. అది పెట్టుకుంటే తల పగిలిపోతోంది’’ అంది.

అదే సమయంలో హాలు చివర్న కూర్చున్న మా బావగారు చెవికి చెయ్యి ఆనించి, ‘‘పంతులుగారు ఏమంటున్నారు?’’ అని పక్కాయన్ని అడుగుతున్నారు. పక్కాయనకూ తెలియదు. ఇద్దరూ కలిసి సౌండ్ అబ్బాయిని పిలిచి ‘‘వెనక్కి వినబడట్లేదయ్యా, కాస్త పెంచు’’ అన్నారు. ఆ అబ్బాయి పెంచాడు. ముందు వరసలో ఒక పసిపాప గుక్కపట్టి ఏడ్చింది.

ఒకే హాలు, ఒకే మైకు. ముందున్నవాళ్లకు భరించలేనంత, వెనకున్నవాళ్లకు అర్థం కానంత. ఇలాంటి పెళ్లికి మీరూ వెళ్లే ఉంటారు.

నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. పెళ్లిళ్ల సీజన్లోనూ వినాయక నిమజ్జనం మర్నాడూ ‘చెవిలో గుయ్యిమంటోంది డాక్టర్‌గారూ’ అంటూ వచ్చేవాళ్లను ఏటా చూస్తాను. ఇన్నాళ్లూ వాళ్లకు ‘సౌండ్‌కు దూరంగా ఉండండి’ అని చెప్పి పంపేవాణ్ని. ఇప్పుడు ఆ సలహా చాలదనిపిస్తోంది. మన వేడుకల్లో చెవులు పాడవడానికి అసలు కారణం ఉన్న సౌండును సరిగ్గా పంచకపోవడం. వెనక కుర్చీకి వినిపించాలని ముందు కుర్చీని బలి పెడుతున్నాం. ఆ ముందు కుర్చీల్లో కూర్చునేది తాతలు, అమ్మమ్మలు, చంటిపిల్లల తల్లులు. మనం మర్యాదగా ఇచ్చే కుర్చీయే హాలు మొత్తం మీద చెవికి అత్యంత ప్రమాదకరమైన చోటు.

మొదటి విస్తరిలో కుమ్మరిస్తే...

బంతి భోజనాల్లో వడ్డించేవాడు మొదటి విస్తరి దగ్గరే నిలబడిపోయాడనుకోండి. చివరి విస్తరికి పప్పు అందట్లేదని ఎవరో అరిస్తే మొదటి విస్తరిలోనే ఇంకో నాలుగు గరిటెలు కుమ్మరిస్తాడా? గిన్నె పట్టుకుని వరస వెంట నడుస్తాడు. సౌండ్ దగ్గర మాత్రం మనం మొదటి పనే చేస్తున్నాం.

దీని వెనక లెక్క చాలా సులువు. ఆరుబయట ఒక బాక్సు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. వేదిక దగ్గరి బాక్సుకు 4 మీటర్ల దూరంలో ముందు వరస, 32 మీటర్ల దూరంలో చివరి వరస ఉన్నాయనుకుందాం. నాలుగు నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి పదహారు, పదహారు నుంచి ముప్ఫై రెండు... దూరం మూడుసార్లు రెట్టింపైంది. అంటే 18 డెసిబెల్స్ తేడా. చివరి వరసకు 80 డెసిబెల్స్ చేరాలంటే ముందు వరస 98 డెసిబెల్స్ భరించాలి. బాక్సుకు రెండు మీటర్ల దూరంలో ఉన్న మా పెద్దమ్మ సోఫా దగ్గర అది 104.

104 అంటే 98 కన్నా ‘ఆరే కదా ఎక్కువ’ అనుకోకండి. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ చెవిలోకి వెళ్లే శబ్దశక్తి సుమారు రెట్టింపవుతుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్య భద్రతను చూసే నియోష్ సంస్థ సిఫారసు దీని మీదే ఆధారపడింది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు, 88లో 4 గంటలు, 91లో 2 గంటలు, 94లో గంట, 97లో అరగంట, 100లో పావుగంట. ఆ లెక్కన 104 డెసిబెల్స్ దగ్గర చెవికి రోజంతటికీ ఇచ్చిన గడువు ఆరు నిమిషాల్లోనే అయిపోతుంది. మన పెళ్లి తంతు ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు.

‘హాలు నాలుగు గోడల మధ్య ఉంటుంది కదా, వెనక అంతగా తగ్గదు కదా’ అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. గోడలకూ పైకప్పుకూ తగిలి తిరిగొచ్చే శబ్దం వల్ల వెనక వరసలో మోత అంతగా తగ్గదు. కానీ అక్కడికి చేరేది ఎక్కువగా ఆ తిరిగొచ్చిన శబ్దమే. ఒక అక్షరం తోక ఇంకా గాల్లో ఉండగానే తర్వాతి అక్షరం వచ్చి దాని మీద పడుతుంది. అందుకే వెనకవాళ్లకు మోత వినిపిస్తుంది, మాట అర్థం కాదు. ఇక్కడ సౌండ్ పెంచితే ఏమవుతుంది? నేరుగా వచ్చే మాట ఎంత పెరుగుతుందో, గోడల నుంచి తిరిగొచ్చే మోత కూడా అంతే పెరుగుతుంది. స్పష్టత ఇసుమంతైనా పెరగదు. మా బావగారు అడిగి పెంచుకున్నా ఆయనకు ఒరిగిందేమీ లేదు. నష్టపోయింది మాత్రం ముందున్న పాప.

పాలరాతి నేల, అద్దాల గోడలు, నున్నటి పైకప్పు ఉన్న కొత్త హాళ్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. చూడ్డానికి అందంగానే ఉంటాయి. కానీ శబ్దాన్ని పీల్చుకునేది అక్కడ ఏదీ ఉండదు, జనం కట్టుకొచ్చిన బట్టలు తప్ప.

చెవి లోపల జరిగేది

మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న చిన్న భాగం ఉంటుంది. దాన్ని కాక్లియా అంటాం. అందులో సుమారు 15 వేల కేశకణాలు ఉంటాయి. శబ్దాన్ని మెదడుకు అర్థమయ్యే సంకేతాలుగా మార్చేవి ఇవే. పెద్ద శబ్దానికి ముందు అవి అలసిపోతాయి. ఫంక్షన్ నుంచి ఇంటికొచ్చాక చెవులు దిబ్బడేసినట్టు ఉండటం, ఈల వేసినట్టు వినిపించడం ఆ అలసటే. మళ్లీ మళ్లీ అలాగే జరిగితే, లేదా ఒక్కసారైనా మోత మరీ ఎక్కువైతే, అవి చనిపోతాయి. పక్షుల చెవుల్లో ఈ కణాలు మళ్లీ పుడతాయి. మనకు పుట్టవు. మందుల్లేవు, ఆపరేషన్ లేదు.

‘మర్నాటికి తగ్గిపోయింది కదా’ అని నిశ్చింతగా ఉండటానికి కూడా లేదు. అమెరికా శాస్త్రవేత్తలు షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ 2009లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో ఒక విషయం బయటపడింది. పెద్ద శబ్దం తర్వాత వాటి వినికిడి పరీక్ష ఫలితాలు మళ్లీ మామూలుకొచ్చాయి. కానీ కేశకణాలకూ వినికిడి నరానికీ మధ్య ఉండే అతుకులు చాలావరకు తెగిపోయి ఉన్నాయి. మనుషుల్లో ఇది ఏ మేరకు జరుగుతుందన్న దాని మీద పరిశోధనలు సాగుతున్నాయి. పరీక్షలో ‘నార్మల్’ వచ్చినా ‘గోలలో మాట అర్థం కావట్లేదు’ అని చెప్పే పేషెంట్లు నా దగ్గరకు వస్తుంటారు. వాళ్లను చూసినప్పుడల్లా ఆ ఎలుకలు గుర్తొస్తాయి.

శబ్దం వల్ల దెబ్బతిన్న చెవి ఆడియోగ్రామ్‌లో సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర ఒక గుంత కనిపిస్తుంది. హల్లుల స్పష్టత చాలావరకు ఉండేది ఆ చుట్టుపక్కలే. అందుకే వీళ్లు ‘వినబడుతోంది కానీ అర్థం కావట్లేదు’ అంటారు. ‘పప్పు’ అన్నారో ‘కప్పు’ అన్నారో తేలదు. వయసు మీద పడిన చెవికి ఇంకో చిక్కు ఉంది. మెల్లని శబ్దం వినిపించదు, కాస్త పెంచగానే భరించలేనంత అవుతుంది. మధ్యలో హాయిగా వినగలిగే మెట్లు తగ్గిపోతాయి. మా పెద్దమ్మ మిషన్ తీసేయడానికి కారణం అదే. ‘తాతగారికి వినబడదు కదా, బాక్సు దగ్గర కూర్చోబెడదాం’ అనుకోవడం కన్నా పెద్ద పొరపాటు లేదు.

ఎత్తు, దిశ, వరస

ఆ పెళ్లి తర్వాత నాకు ఒక కుతూహలం పట్టుకుంది. పెద్ద ఆడిటోరియాలకు సౌండ్ డిజైన్ చేసే మిత్రుడి దగ్గరకు వెళ్లి అడిగాను. ‘‘ఇది మీ వైద్యంలాంటిదే. అందరికీ ఒకే డోసు ఇవ్వకూడదు, కానీ అందరికీ ఒకే ఫలితం రావాలి’’ అన్నాడు. అతను చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైన సూత్రాలు ఇవి.

మొదటిది ఎత్తు. బాక్సును నేల మీద నుంచి తీసి 6 మీటర్ల ఎత్తులో పెట్టామనుకోండి. ఇందాకటి హాల్లో ముందు వరస చెవికీ బాక్సుకూ మధ్య దూరం 4 మీటర్ల నుంచి 6 మీటర్లకు పైగా పెరుగుతుంది. చివరి వరస దూరం దాదాపు మారదు. కేవలం ఎత్తు మార్చడంతోనే 18 డెసిబెల్స్ తేడా 14కు తగ్గింది. ఒక్క రూపాయి కరెంటు కూడా ఎక్కువ ఖర్చు కాలేదు.

రెండోది దిశ. బాక్సు ముఖాన్ని వెనక వరసల వైపు వంచితే దాని బలమైన శబ్దం దూరంగా ఉన్నవాళ్లకు వెళ్తుంది. ముందున్నవాళ్లకు దాని అంచు మాత్రమే తగులుతుంది. అలా తేడా ఇంకాస్త తగ్గుతుంది. శబ్దం గోడల మీదకూ పైకప్పు మీదకూ పోకుండా మనుషుల మీదే పడటం వల్ల మోత కూడా తగ్గుతుంది.

మూడోది వరస. పెద్ద సంగీత కచేరీల్లో వేదికకు రెండు వైపులా అరటి గెలలా వేలాడే బాక్సుల దండను చూసే ఉంటారు. దాన్నే లైన్ అర్రే అంటారు. ఇప్పుడు మనం చూస్తున్న ఈ పద్ధతికి దారి వేసింది ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టియన్ హైల్ 1992లో తెచ్చిన వీ-డాస్క్ వ్యవస్థ. దాని కిటుకు వంపులో ఉంది. పై బాక్సులు దాదాపు నిటారుగా ఉండి, కలిసికట్టుగా దూరపు వరసలకు శబ్దాన్ని పంపుతాయి. కింది బాక్సులు వంపు తిరిగి, దగ్గరి వరసలను తలా ఒకటి చూసుకుంటాయి. అంటే దూరానికి ఎక్కువ బాక్సుల బలం, దగ్గరకు తక్కువ. బాగా కట్టిన దండ నుంచి వచ్చే శబ్దం కొంత దూరం వరకు, దూరం రెట్టింపైనప్పుడు 6కు బదులు సుమారు 3 డెసిబెల్సే తగ్గుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. రెండు మూడు చిన్న బాక్సుల్ని స్టాండు మీద పేర్చి ‘లైన్ అర్రే సార్’ అని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. దండ పొడవుగా ఉంటేనే, ఒక్కో బాక్సు వంపును హాలు కొలతలకు లెక్కగట్టి పెడితేనే ఈ మేలు జరుగుతుంది. పైకప్పు తక్కువ ఎత్తులో ఉన్న మామూలు ఫంక్షన్ హాలుకు అసలు దాని అవసరమే లేదు. అక్కడ కావాల్సింది నాలుగో సూత్రం.

నాలుగోది పంపకం. వేదిక దగ్గర రెండు పెద్ద బాక్సులకు బదులు, హాలు మధ్యలో ఇటొకటి అటొకటి చిన్న బాక్సులు కూడా పెట్టాలి. అప్పుడు ముందు బాక్సుల బాధ్యత 16 మీటర్ల వరకే. ఎత్తులో పెడితే ఆ సగంలో తేడా 9 డెసిబెల్స్‌కు మించదు. దిశ సరిచేస్తే ఇంకా తగ్గుతుంది. వెనక సగాన్ని మధ్య బాక్సులు మెల్లగా చూసుకుంటాయి. వడ్డించేవాడు వరస వెంట నడిచినట్టు అన్నమాట.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదిక నుంచి బయల్దేరిన మాట 16 మీటర్లు రావడానికి సెకనులో దాదాపు ఇరవయ్యో వంతు పడుతుంది. వైరు గుండా వెళ్లే సంకేతం మాత్రం వెంటనే చేరిపోతుంది. దాంతో మధ్య బాక్సు ముందుగా మాట్లాడేస్తుంది, వేదిక మీది మాట దాని వెనకాల ప్రతిధ్వనిలా వస్తుంది. వీధి పొడవునా స్తంభాలకు మైకులు కట్టినప్పుడు ఒకే మాట నాలుగుసార్లు వినిపించి ఏదీ అర్థం కాకపోవడం కూడా ఇలాంటిదే. అందుకే మధ్య బాక్సును కావాలనే ఆ కాస్త సమయం ఆలస్యం చేస్తారు. దీన్ని డిలే అంటారు. ఇప్పటి డిజిటల్ మిక్సర్లు చాలావాటిలో ఈ సదుపాయం ఉంటుంది. ఒక అంకె మార్చితే చాలు.

దీనికి చెవి కూడా సాయం చేస్తుంది. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి కొద్ది వ్యవధిలో వస్తే, ముందు వచ్చిన దిక్కు నుంచే మొత్తం వస్తున్నట్టు మెదడు భావిస్తుంది. జర్మనీకి చెందిన హెల్ముట్ హాస్ 1949లో ఈ విషయాన్ని వివరంగా పరిశోధించాడు. అందుకే డిలేను అవసరమైన దానికన్నా ఇంకో పది, పదిహేను మిల్లీసెకన్లు ఎక్కువ పెడతారు. అప్పుడు వెనకవాళ్లకు పక్కనున్న చిన్న బాక్సు సాయం చేస్తున్నా, మాట వేదిక మీది పంతులుగారి నోటి నుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది.

ఇదేమీ నిన్న మొన్నటి విద్య కాదు. లండన్లోని సెయింట్ పాల్స్ కెథడ్రల్ అంటే మాట ప్రతిధ్వనుల్లో మునిగిపోయే భారీ కట్టడం. 1950ల మొదట్లోనే అక్కడ సన్నని నిలువు స్పీకర్లను వేర్వేరు చోట్ల అమర్చి, ఒక్కోదానికి తగిన ఆలస్యం ఇచ్చి, ప్రసంగం స్పష్టంగా వినిపించేలా చేశారు. డెబ్బై ఏళ్ల కిందట కుదిరిన పని, చేతిలో డిజిటల్ మిక్సర్ ఉన్న మనకు కుదరదా?

చట్టం గోడ దాకానే

‘దీనికి చట్టం ఉంది కదా’ అంటారేమో. ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతపు పరిమితిని 10 డెసిబెల్స్ కన్నా ఎక్కువ దాటకూడదు, ఎట్టి పరిస్థితుల్లోనూ 75కు మించకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. మూసి ఉన్న ఆడిటోరియాలు, కల్యాణ మండపాల్లాంటి చోట్ల లోపలివాళ్ల కోసం వాడుకోవచ్చు.

గమనించారా? చట్టం చూసేది గోడ బయట నిద్రపోతున్న పొరుగువాళ్లను. అది అవసరమే. కానీ గోడ లోపల ముందు వరసలో కూర్చున్న మన అమ్మమ్మ చెవి దగ్గర ఎంత ఉండాలో ఈ నిబంధనలు చెప్పవు.

ఆ లోటు పూడ్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలు, కార్యక్రమాల కోసం ఒక ప్రమాణం విడుదల చేసింది. ప్రేక్షకులున్న చోట 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని, శబ్దాన్ని ఎప్పటికప్పుడు కొలవాలని, చెవి రక్షణ సాధనాలు అందుబాటులో ఉంచాలని, కాసేపు చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద స్థలం ఉండాలని అందులో ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకో అంశం. హాలు నిర్మాణాన్నీ సౌండ్ సిస్టమ్‌నూ శబ్దం హాయిగా, సురక్షితంగా వినిపించేలా తీర్చిదిద్దాలని ఆ ప్రమాణం చెబుతుంది. అంటే బాక్సును ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆరోగ్య విషయమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒప్పుకుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. ఆ 100 డెసిబెల్స్ సంగీత కచేరీలకు చెప్పిన గరిష్ఠ పరిమితి. అక్కడి దాకా వెళ్లమని కాదు. పెళ్లికి వచ్చేది నలుగురితో మాట్లాడటానికి. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరవకుండా మాట్లాడగలగాలి. మన ఇళ్ల వేడుకలకు నా దృష్టిలో అదే సరైన కొలత.

తగ్గించమని ఎవరూ రారు సార్!

పెళ్లయ్యాక ఆ సౌండ్ అబ్బాయిని పలకరించాను. ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో. ‘‘బాబూ, ముందున్నవాళ్లు ఇబ్బంది పడుతున్నారు, చూడలేదా?’’ అని అడిగాను.

‘‘వెనక నుంచి వచ్చి పెంచమని చెప్పేవాళ్లే ఉంటారు సార్. ముందు కూర్చున్నోళ్లు తగ్గించమని రారు. లేచి వెళ్లిపోతారు, అంతే. మధ్యలో ఇంకో రెండు చిన్న బాక్సులు పెడదామంటే పార్టీవాళ్లు ఒప్పుకోరు. ఫొటోల్లో అడ్డమొస్తాయంటారు’’ అన్నాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. తప్పు అతనొక్కడిది కాదు. సౌండ్ బుక్ చేసేటప్పుడు మనం అడిగేది ‘ఎన్ని బాక్సులు? ఎన్ని వాట్లు?’ అని. ‘అందరికీ సమానంగా వినబడుతుందా?’ అని ఎప్పుడూ అడగం. అడగనిదాన్ని ఎవరిస్తారు?

మాట్లాడుతున్నంతసేపూ ఆ అబ్బాయి నా ప్రశ్నల్ని రెండేసిసార్లు అడిగించుకున్నాడు. వారానికి నాలుగు రోజులు, రోజుకు ఏడెనిమిది గంటలు బాక్సుల పక్కనే ఉంటాడట. ఒకసారి పరీక్షకు రమ్మని చెప్పాను. ఇంకా రాలేదు. మన వేడుకల్లో అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నది ఇలాంటి కుర్రాళ్లే. వాళ్లకు హై ఫ్రీక్వెన్సీ శబ్దాలు వినిపించడం తగ్గితే తెలియకుండానే ట్రెబుల్ పెంచుతారు. అది మళ్లీ మన చెవుల మీదకే వస్తుంది.

మీరు చేయగలిగినవి

వచ్చే నెల మీ ఇంట్లో శుభకార్యం ఉందా? పూల అలంకరణకు నాలుగుసార్లు తిరుగుతాం. మెనూ మీద వారం చర్చిస్తాం. సౌండ్ కోసం ఒక్క పావుగంట కేటాయించండి.

• ముందు వరసకూ చివరి వరసకూ తేడా ఎంత ఉంటుందని అడగండి. ఎన్ని వాట్లని అడగొద్దు.

• బాక్సులు నేల మీద వద్దు. మనుషుల తలలకన్నా పైన, గట్టి స్టాండు లేదా ట్రస్ మీద పెట్టి కిందికి వంచమనండి. అయితే పైకప్పు జిప్సమ్ ఫ్రేములకు మాత్రం వేలాడదీయనివ్వొద్దు. అవి ఆ బరువు మోయలేవు. ఈ పని తెలిసినవాళ్లే చేయాలి.

• హాలు పొడవుగా ఉంటే మధ్యలో చిన్న బాక్సులు, వాటికి డిలే అడగండి. డిలే సంగతి తెలియని వ్యక్తి అయితే ఇంకొకరిని చూసుకోవడం మంచిది.

• వేడుకకు ముందు వేదిక మీద ఒకరిని మాట్లాడమని, మీరు మొదటి వరస నుంచి చివరి వరస దాకా నడవండి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ ఉంటే చూడండి. అది కచ్చితమైన కొలత కాకపోయినా, రెండు చోట్ల మధ్య తేడా ఎంతో తెలుస్తుంది.

• బాక్సు ఎదుట మూడు నాలుగు మీటర్ల లోపు కుర్చీలు వేయొద్దు. పెద్దలకు, చంటిపిల్లల తల్లులకు మధ్య వరసల్లో చోటు పెట్టండి. అసలైన మర్యాద అది.

• ‘వెనక్కి వినబడట్లేదు’ అని ఎవరైనా అంటే పెంచమనే ముందు, బాక్సు దిశ మార్చగలరేమో అడగండి. భోజనాల సమయంలో పాటల సౌండు సగానికి సగం తగ్గించమనండి.

• అతిథిగా వెళ్లినప్పుడు బాక్సుకు దూరంగా కూర్చోండి. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ ఒక జత బ్యాగులో ఉంచుకోండి. దూది పెట్టుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. పసిపిల్లలకు చెవుల మీద పెట్టే ఇయర్‌మఫ్స్ దొరుకుతాయి. మోత ఎక్కువగా ఉంటే గంటకోసారి బయటికి వచ్చి చెవులకు కాసేపు విశ్రాంతినివ్వండి.

• ఫంక్షన్ తర్వాత మర్నాటికి కూడా చెవిలో హోరు తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోండి. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకపోతే మాత్రం అది అత్యవసర పరిస్థితి. అదే రోజు వెళ్లండి. చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ.

సందడి తగ్గుతుందా?

‘పెళ్లన్నాక మోత లేకపోతే ఏం కళ డాక్టర్‌గారూ?’ అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. నేనూ సందడి కోరుకునేవాణ్నే. సన్నాయి లేని పెళ్లి నాకూ వెలితిగానే ఉంటుంది. నేను అడిగేది సందడి తగ్గించమని కాదు. మొదటి ఐదు వరసల నెత్తిన పడుతున్నదాన్ని ముప్ఫై వరసలకూ సమంగా పంచమని. అప్పుడు ముందున్నవాళ్లు లేచి వెళ్లిపోరు, వెనకున్నవాళ్లు విసుక్కుని ఫోన్లు చూసుకోరు. హాలంతా ఒకే పాట విని, ఒకే మంత్రానికి అక్షింతలు వేస్తుంది. నా లెక్కలో సందడి పెరిగినట్టే.

ఖర్చు పెరుగుతుందన్నది ఇంకో అభ్యంతరం. రెండు చిన్న బాక్సుల అద్దె కొంత పెరగొచ్చు. కానీ ఎత్తు మార్చడానికి, దిశ సరిచేయడానికి, డిలే అంకె వేయడానికి కావాల్సింది డబ్బు కన్నా శ్రద్ధ. పెద్ద పెద్ద బాక్సుల గుట్టలు తగ్గించుకుంటే కొన్నిచోట్ల ఖర్చు తగ్గినా ఆశ్చర్యం లేదు. శబ్దం మనుషుల మీదకే పడితే కిటికీలు దాటి పక్క వీధికి వెళ్లేదీ తగ్గుతుంది. పరీక్షలకు చదువుకునే పక్కింటి పిల్లలూ సంతోషిస్తారు.

హాళ్ల యజమానులకూ ఒక విన్నపం. ఏసీ, పార్కింగ్, జనరేటర్ ఉన్నాయని బోర్డు పెడతారు. పైకప్పుకు వరసగా చిన్న స్పీకర్లు, గోడలకు మోతను పీల్చే పలకలు, వెనక మందపాటి తెరలు పెట్టి, ‘మా హాల్లో చివరి కుర్చీకి కూడా మాట స్పష్టంగా వినిపిస్తుంది’ అని బోర్డు రాయండి. పెద్దలున్న కుటుంబాలు మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తాయి.

వచ్చే శ్రావణంలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లి. ఈసారి సౌండ్ బాధ్యత నాకివ్వమని అడిగి మరీ తీసుకున్నాను. హాలు పొడవు కొలిచాను. నాలుగు చిన్న బాక్సులు, అన్నీ ఎత్తులో, వెనక రెండింటికి డిలే. పెద్దమ్మకు మధ్య వరసలో చోటు. ఆవిడ చెవి మిషన్ చివరిదాకా చెవికే ఉంటే నా లెక్క సరిపోయినట్టు.

మీ ఇంటి పెళ్లిలోనూ ఒకసారి అలా చూడండి. మీ ఇంటి పెద్దావిడ చెవులు మూసుకోకుండా పెళ్లి చివరిదాకా హాయిగా కూర్చుంటే, ఆ హాల్లో సౌండ్ బాగున్నట్టే.